ఒక పలుకు మందు, వెయ్యి గజాల దూరం

రైఫిల్‌ని ఆధారం మీద ఆనించి దూరం నుంచి కాల్చే ఎఫ్-క్లాస్ పోటీలో, వెయ్యి గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు. దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలే. .308 విన్చెస్టర్ రైఫిల్ నుంచి 175 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2600 అడుగుల వేగంతో బయల్దేరిందనుకుందాం. ఆ వేగం 10 అడుగులు తగ్గితే వెయ్యి గజాల దగ్గర బుల్లెట్ మూడు నాలుగు అంగుళాలు కిందికి దిగిపోతుంది. వంద గజాల దగ్గర అదే తేడా కంటికి ఆనదు. గాలి బుల్లెట్‌ని పక్కకి నెడుతుంది, కానీ గాలిని చదివి గురిని సర్దుకోవచ్చు. తూటా తూటాకీ మారే వేగాన్ని మాత్రం ట్రిగ్గర్ నొక్కే ముందు ఎవరూ చదవలేరు. అందుకే దూరపు షూటింగ్ కోసం సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు మందు తూకం దగ్గర అంత పట్టుదలగా ఉంటారు. ఆ పట్టుదల ఎంతవరకు ఫలితమిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది లెక్కగట్టి చూడదగ్గ విషయమే.

ముందు మాటల్లో గజిబిజి లేకుండా చూసుకోవాలి. గ్రెయిన్ అనేది తూకం కొలత: ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. మందులోని చిన్న కడ్డీ ముక్కనీ ఇంగ్లిష్‌లో కొందరు గ్రెయిన్ అనేస్తారు. అది గజిబిజి తెస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని పలుకు అందాం. వార్గెట్ లాంటి పొట్టి కడ్డీల మందులో ఒక్కో పలుకు సుమారు 0.02 గ్రెయిన్లు తూగుతుంది. అంటే 0.1 గ్రెయిన్ తేడా అంటే నాలుగైదు పలుకులు. 40 గ్రెయిన్ల పైచిలుకు మందు పట్టే .308 తరహా కేసులో (తూటా ఇత్తడి తొడుగులో) రెండు వేల పలుకులకు అటూఇటూగా ఉంటాయి.

ఈ పరిమాణం కేసుల్లో ఒక గ్రెయిన్ మందు మారితే వేగం దాదాపు 55 అడుగులు మారుతుంది, 0.1 గ్రెయిన్‌కి అయిదారు అడుగులు. 90 గ్రెయిన్ల మందు పట్టే .338 లాపువా లాంటి పెద్ద కేసులో అదే 0.1 గ్రెయిన్ ప్రభావం సుమారు మూడు అడుగులే. కాబట్టి "0.1 గ్రెయిన్ తేడా ఎంత ముఖ్యం" అన్న ప్రశ్నకు కేసు చెప్పకుండా జవాబు లేదు. శాతంలో చూడటం మేలు: చిన్న కేసుకి తూకం పొరపాటు ఎక్కువ తగులుతుంది.

అసలు చిక్కు ఈ తర్వాతి లెక్కలో ఉంది. వేగం చెదరడానికి మందు ఒక్కటే కారణం కాదు. ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) మంట, కేసు లోపలి ఘనపరిమాణం, కేసు మెడ బుల్లెట్‌ని పట్టే బిగువు, బుల్లెట్ దిగిన లోతు, మందు ఉష్ణోగ్రత అన్నీ తమ వాటా వేస్తాయి. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారేవి కాబట్టి నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీస్తే వచ్చేదే మొత్తం చెదురు.

ఉదాహరణకి, మందు కాక మిగతావన్నీ కలిసి 7 అడుగుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఉండే చెదురు కొలత) తెస్తున్నాయనుకుందాం. మందుని తూచకుండా కొలపాత్రతో పోస్తే, కడ్డీ మందులో విచలనం 0.15 గ్రెయిన్ దాకా ఉండొచ్చు. 55తో గుణిస్తే అది 8 అడుగుల పైచిలుకు. రెండూ కలిసి మొత్తం 10.8. ఇప్పుడు ±0.1 గ్రెయిన్ లోపు తూచే త్రాసు పెడితే (ఆ హద్దుల్లో ఎక్కడైనా సమానంగా పడొచ్చనుకుంటే విచలనం 0.058) మందు వాటా 3.2 అడుగులకు పడిపోతుంది, మొత్తం 7.7 అవుతుంది. ఇంకా ఖరీదైన త్రాసుతో ±0.02 దాకా వెళ్తే మందు వాటా 0.6 మాత్రమే. మొత్తం? 7.03. మొదటి మెట్టు మూడు అడుగులు తగ్గించింది, రెండో మెట్టు ఒక్క అడుగు కూడా తగ్గించలేదు.

అదే షూటర్ మెడ బిగువు, ఎనీలింగ్ (మెడని వేడిచేసి మెత్తబరచడం), ప్రైమర్ల ఎంపిక లాంటివన్నీ సరిచేసుకుని మిగతా వాటాను 4 అడుగులకు తెచ్చుకున్నాడనుకుందాం. అప్పుడు ±0.1 త్రాసుతో మొత్తం 5.1, ±0.02 త్రాసుతో 4.05. ఇరవై తూటాల వరుసలో అత్యధిక, అత్యల్ప వేగాల మధ్య అంతరం సగటున విచలనానికి 3.7 రెట్లు ఉంటుంది. అంటే 19 అడుగుల అంతరం 15కి దిగింది. వెయ్యి గజాల దగ్గర ఇది ఒక అంగుళం పైమాటే. మంచి త్రాసు విలువ దాని పక్కనున్న మిగతా పని మీద ఆధారపడుతుంది. మెడలు సరిగా లేని కేసుల్లో పలుకులు లెక్కబెట్టి పోయడం వృథా శ్రమ.

కొలపాత్రల సంగతి. ఆర్‌సీబీఎస్ యూనిఫ్లో, రెడింగ్ 3బీఆర్, హారెల్స్ లాంటివి తిరిగే డ్రమ్ములోని గుంతని మందుతో నింపి కిందికి వదులుతాయి. ఇవి కొలిచేది ఘనపరిమాణం, తూకం కాదు. గుండ్రటి బాల్ పౌడర్ నీళ్లలా జారుతుంది కాబట్టి 0.1 గ్రెయిన్ దరిదాపుల్లో పడుతుంది. పొడవాటి కడ్డీలు అడ్డదిడ్డంగా పడుకుంటాయి, ఒక్కోసారి డ్రమ్ము అంచున ఇరుక్కుని తెగుతాయి. పిడి తిప్పుతుంటే కరకరమని తగిలేది అదే. అప్పుడు బలం పెట్టకూడదు, కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ మెల్లగా తేవాలి. ఆ పోతని తూటాలోకి వెళ్లనివ్వకుండా తొట్టిలోకి తిప్పి పోయడమే మంచిది. తొట్టి మూడింట రెండు వంతులు నిండి ఉండాలి, లోపల బాఫిల్ పలక (పైబరువుని ఆపే అడ్డుపలక) ఉండాలి. లేకపోతే తొట్టి ఖాళీ అయ్యేకొద్దీ పైబరువు తగ్గి గుంతలో మందు వదులుగా పడుతుంది. మొదటి పది పోతలు తిరిగి తొట్టిలోకే. పిడి లయ ప్రతిసారీ ఒకటే ఉండాలి: పైకి ఆనించి ఒక తట్టు, కిందికి దించి ఒక తట్టు.

కొలపాత్రలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది గొట్టంలో వంతెన కట్టడం. కడ్డీలు కలుపుకుని గొట్టాన్ని సగంలో మూసేస్తాయి, ఒక కేసులో తక్కువ పడి, ఆ మిగిలింది తర్వాతి కేసులో అదనంగా పడుతుంది. రెండూ చెడ్డవే. ఎక్కువ పడింది బారెల్ పీడనాన్ని ప్రమాద స్థాయికి తీసుకెళ్తుంది. నిదానంగా మండే మందు మరీ తక్కువ పడ్డా పీడనం ఊహకందని తీరున ప్రవర్తించొచ్చు, అందుకే మాన్యువల్లో ఇచ్చిన కనిష్ఠం కన్నా కిందికి వెళ్లొద్దంటారు. కేసులన్నిటినీ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు ఒక టార్చి వేసి ప్రతి మెడలోకీ చూస్తే ఈ తేడా పట్టుబడుతుంది. ఈ ఒక్క అలవాటు ఏ త్రాసూ ఇవ్వని భద్రత ఇస్తుంది.

వంద, రెండు వందల గజాల బెంచ్‌రెస్ట్‌లో (బల్ల మీద రైఫిల్ ఆనించి కాల్చే పోటీలో) చాలామంది ఇప్పటికీ తూచకుండా కొలపాత్రతోనే పోస్తారు, అయినా తూటాలన్నీ దగ్గర దగ్గరగా ఒక చిన్న గుంపులోనే పడతాయి. ఇది వైరుధ్యం కాదు. ఆ దూరంలో వేగం తేడా కిందికి దిగడంగా మారడానికి సమయమే చాలదు. దూరపు షూటర్ ఆ ఉదాహరణ చూసి త్రాసు అక్కర్లేదనుకుంటే నష్టపోతాడు.

దండె త్రాసుని పాతకాలపు వస్తువని తీసిపారేయడం తగదు. ఆర్‌సీబీఎస్ 5-0-5 లాంటివి కత్తి అంచు మీద తూగే దండెతో పనిచేస్తాయి, అయస్కాంతం దండె ఊపుని అణుస్తుంది. కరెంటు, వేడెక్కడం, సున్నా జారడం అనే బెడదలు లేవు. గురుత్వం మారినా తూకం మారదు, ఎందుకంటే రెండు వైపులా అదే గురుత్వం. దాని లోపాలు వేరు. కత్తి అంచులో దుమ్ము చేరితే చలనం మందగించి, దండె ఒకసారి ఆగినచోట మరోసారి ఆగదు. అక్కడ నూనె వేయకూడదు, నూనె దుమ్ముని పట్టుకుంటుంది. మెత్తటి కుంచెతో తుడిస్తే చాలు. ముల్లుని పైనుంచి చూస్తే ఒక రీడింగు, ఎదురుగా చూస్తే ఇంకొకటి వస్తుంది. కాబట్టి త్రాసుని కంటి ఎత్తులో పెట్టాలి, లేదా ముల్లుకి ఎదురుగా చిన్న కెమెరా బిగించాలి. శుభ్రమైన, బాగా సర్దిన దండె త్రాసు ఒకటి రెండు పలుకులకు కూడా కదులుతుంది. నెమ్మది ఒక్కటే దానితో కష్టం.

ఎలక్ట్రానిక్ త్రాసుల్లో రెండు జాతులున్నాయి, పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. చవకవాటిలో స్ట్రెయిన్ గేజ్ లోడ్ సెల్ ఉంటుంది: బరువుకి లోహపు ముక్క వంగితే, దాని మీద అంటించిన సన్నటి తీగ నిరోధం మారుతుంది. ఆ మార్పు చాలా చిన్నది. గది వేడి, ఫ్యాన్ గాలి, పక్కనున్న మొబైల్ ఫోను అన్నీ దాన్ని తారుమారు చేస్తాయి. స్విచ్చి వేసి కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. ఖరీదైన జాతిలో విద్యుదయస్కాంత బలం బరువుని తిరిగి మొదటి స్థానానికి లేపుతుంది, దానికి పట్టిన కరెంటే తూకం. ఏ అండ్ డీ ఎఫ్‌ఎక్స్-120ఐ ఈ రకందే, 0.001 గ్రాము దాకా, గ్రెయిన్లలో 0.02 దాకా చూపిస్తుంది. అంటే దాదాపు ఒక పలుకు. దీనికి ఆటోట్రిక్లర్ జోడిస్తే మందు తనంతట తానే పలుకు పలుకుగా రాలుతుంది. ఒకే పెట్టెలో అన్నీ ఉండే యంత్రాల్లో ఆర్‌సీబీఎస్ చార్జ్‌మాస్టర్ ±0.1 గ్రెయిన్, మ్యాచ్‌మాస్టర్ ±0.04 గ్రెయిన్ అని తయారీదారు చెప్పుకుంటాడు.

తెర మీద అంకెలు ఎన్ని ఉన్నాయన్నది ఖచ్చితత్వం కాదు. 0.1 మాత్రమే చూపే త్రాసు తప్పు లేకుండా పనిచేసినా, 42.0 అన్న రీడింగు వెనక 41.95 నుంచి 42.05 దాకా ఏదైనా ఉండొచ్చు. సున్నా జారితే ఆ గీత కూడా పక్కకి జరుగుతుంది.

స్ట్రెయిన్ గేజ్ త్రాసు మీద పలుకులు రాల్చేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. తెర మీద 41.9. ట్రిక్లర్‌ని వేలితో మెల్లగా తిప్పితే ఒక పలుకు పళ్లెంలో పడుతుంది, అంకె కదలదు. ఇంకొకటి, కదలదు. మూడోది, నాలుగోది. అంకె ఇంకా 41.9 దగ్గరే. అయిదోదానికి 42.0 వస్తుంది. ఇప్పుడు పళ్లెం ఎత్తి మళ్లీ పెడితే 42.1 కనబడుతుంది. అంకెలు ఊరికే ఊగకుండా నిలకడగా ఉండాలని పెట్టిన సాఫ్ట్‌వేర్, ఒక్కో పలుకునీ తన సొంత జారుడుగా లెక్కేసి మింగేసింది. దీనికి విరుగుడు ఒక్కటే: చివరి రెండు మూడు పలుకులు పడ్డాక పళ్లెం పూర్తిగా ఎత్తి, అంకె స్థిరపడ్డాక మళ్లీ పెట్టి, ఆ రీడింగునే నమ్మాలి. ఎక్కువైతే చిమటాతో తీసి మళ్లీ ఎత్తి పెట్టాలి.

పళ్లెం ఎత్తినప్పుడు కనిపించే రుణ సంఖ్యని చాలామంది పట్టించుకోరు. అది ఉచితంగా దొరికే పరీక్ష. ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేశాక, ఎత్తితే మైనస్ 150.4 వచ్చిందనుకోండి. ఆ సంఖ్యని కాగితం మీద రాసి త్రాసు పక్కన అంటించాలి. ప్రతి తూకం తర్వాత పళ్లెం ఎత్తినప్పుడు అదే రావాలి. మైనస్ 150.6 వస్తే సున్నా 0.2 కిందికి జారింది. అప్పుడు తెర 42.0 అంటున్నా పళ్లెంలో ఉన్నది 42.2. పొరపాటు ఎక్కువవైపుకి ఉంది కాబట్టి ఆగి, మళ్లీ సున్నా చేసి, అంతకు ముందు తూచిన నాలుగైదు తూటాల మందునీ తిరిగి తూచాలి.

తూకం రాళ్లు కూడా అలాంటివే. త్రాసుతో ఇచ్చిన 20 లేదా 50 గ్రాముల రాయితో క్యాలిబ్రేట్ చేస్తే సరిపోదు, తూచేది మూడు గ్రాముల దగ్గర కాబట్టి ఆ దగ్గరే సరిచూడాలి. 2 గ్రాముల రాయి 30.86 గ్రెయిన్లు, దానికి 1 గ్రాము కలిపితే 46.30. అంతర్జాతీయ ఓఐఎంఎల్ ప్రమాణంలో 2 గ్రాముల ఎం1 తరగతి రాయికి అనుమతించే తప్పు 1.2 మిల్లీగ్రాములు, అంటే 0.02 గ్రెయిన్. ఎఫ్1 తరగతిలో అది పదో వంతు. 0.1 గ్రెయిన్ త్రాసుకి ఎం1 బాగా సరిపోతుంది, పలుకు స్థాయి త్రాసుకి ఎఫ్1 కావాలి. రాళ్లని చేత్తో ముట్టకూడదు, వేలి జిడ్డు తూకంలోకి వస్తుంది. త్రాసుని ఇంకో ఊరికి తీసుకెళ్తే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, ఎందుకంటే భూమధ్యరేఖకీ ధ్రువాలకీ గురుత్వంలో అర శాతం తేడా ఉంది, ఎలక్ట్రానిక్ త్రాసు కొలిచేది ఆ గురుత్వపు లాగుడునే.

గాలి తేలింపు సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. 42 గ్రెయిన్ల మందుని గాలి సుమారు 2 మిల్లీగ్రాములు తేలుస్తుంది, 0.03 గ్రెయిన్. అయితే అది అన్ని తూటాలకీ ఒకటే, రోజువారీ వాతావరణంతో దానిలో వచ్చే మార్పు ఒక పలుకులో కొద్ది భాగమే. వదిలేయవచ్చు.

తేమని మాత్రం వదిలేయడానికి లేదు. మందు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడి గాలిలో వదిలేస్తుంది. పొడిబారిన మందు వేగంగా మండుతుంది, పైగా అదే తూకంలో నీరు తక్కువై మండే పదార్థం ఎక్కువ ఉంటుంది, రెండూ ఒకే దిక్కుకి నెడతాయి. తొట్టిలో రాత్రంతా వదిలేసిన మందుని మర్నాడు పలుకు దాకా తూచడంలో అర్థం లేదు. తొట్టికి మూత ఉండాలి. పని అయిపోగానే మిగిలింది అసలు డబ్బాలోకి పోయాలి. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి, రెండో రకం మందు గదిలోనే కనబడకూడదు. తొట్టిలో ఉన్నది ఏ మందో అనుమానం వస్తే ఆ మందుని పారేయడమే దారి. చూపుతో మందుని గుర్తుపట్టడం కుదరని పని, పిస్టల్ మందు రైఫిల్ కేసులో పడితే రైఫిల్ పేలిపోవచ్చు.

డబ్బా మారితే, అంటే లాట్ నంబర్ మారితే, సాంద్రతా మారొచ్చు, మండే వేగమూ మారొచ్చు. పాత లాట్‌కి సర్దిన కొలపాత్ర కొత్త లాట్‌కి పనికిరాదు. తూకం మార్చకపోయినా వేగం మారుతుంది కాబట్టి కిందినుంచి మళ్లీ మొదలుపెట్టి ఎక్కాలి. ఎంత మందు పోయాలన్నది ప్రచురించిన మాన్యువల్ చెప్పాలి, అంత ఉందా లేదా అన్నదే త్రాసు చెప్తుంది.

పని క్రమం కష్టమైనదేమీ కాదు. త్రాసుని గాలి తగలని మూలలో, కదలని బల్ల మీద, మట్టం చూసి పెట్టాలి. ఏసీ, ఫ్యాన్ ఆపాలి. వేడెక్కాక రాయితో సరిచూడాలి. కొలపాత్రతో కావలసిన దానికన్నా 0.3 నుంచి 0.5 గ్రెయిన్ తక్కువ పోసి, మిగిలింది ట్రిక్లర్‌తో నింపాలి. ప్రతి పది తూటాలకూ రాయి మళ్లీ పెట్టి చూడాలి. ప్లాస్టిక్ గరాటుకి స్థిర విద్యుత్తు పట్టి పలుకులు గోడలకు అంటుకుంటాయి, పలుకు దాకా తూచిన మందులో నాలుగు పలుకులు గరాటులోనే ఉండిపోతాయి. లోహపు పళ్లెం, లోహపు గరాటు వాడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. ప్రతి పోత తర్వాత గరాటు మెడని వేలితో ఒకసారి తట్టి, లోపలికి చూడాలి.

ఇంకో పోలిక కూడా మనసులో పెట్టుకోవాలి. ఒక పలుకు మందు విలువ సుమారు ఒక అడుగు వేగం. నాలుగైదు తూటాలు కాల్చిన వేడి చేంబర్‌లో తర్వాతి తూటాని ఒక నిమిషం ఉంచి గాలి కోసం ఎదురుచూస్తే, మందు వేడెక్కి వచ్చే తేడా అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఇంట్లో గంటసేపు తూచి తెచ్చింది రేంజిలో ఒక్క నిమిషంలో పోతుంది. గాలి నిలకడపడే దాకా బోల్ట్ తెరిచి, తూటాని బయట నీడలో ఉంచాలి.

ఇంత చేశాక ఫలితాన్ని కొలవడంలోనే చాలామంది మోసపోతారు. లాబ్‌రాడార్, గార్మిన్ జీరో సీ1 లాంటి క్రోనోగ్రాఫ్‌ల (బుల్లెట్ వేగం కొలిచే యంత్రాల) ఖచ్చితత్వం 0.1 శాతం, అంటే 2600 అడుగులకు 2.6. అది సరిపోతుంది. చాలనిది తూటాల సంఖ్య. పది తూటాలకు ప్రామాణిక విచలనం 8 వచ్చిందంటే, 95 శాతం నమ్మకంతో అసలు విలువ 5.5 నుంచి 14.6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అయిదు తూటాలతో అయితే దాదాపు 5 నుంచి 23. పాత త్రాసుతో పది, కొత్త త్రాసుతో పది కాల్చి, 7.7 నుంచి 7.0కి తగ్గిందని సంబరపడటానికి ఆధారమే లేదు. ఒక్కో మందు మోతాదుకి ఒక్కో తూటా కాల్చి, రెండు మూడు వరుస మోతాదుల్లో వేగం మారకపోతే దాన్ని "సమతల స్థానం" అని ప్రకటించడం కూడా ఇలాంటిదే. మళ్లీ కాల్చి చూస్తే ఆ సమతలం చాలాసార్లు ఇంకో చోటికి పోతుంది.

త్రాసు విషయంలో మాత్రం రేంజికి వెళ్లాల్సిన పనే లేదు. 2 గ్రాములు, 1 గ్రాము రాళ్లని పళ్లెంలో పెట్టి, పళ్లెం ఎత్తి, మళ్లీ దించి, రీడింగు రాసుకోవాలి. ముప్పై సార్లు, అరగంట వ్యవధిలో, మధ్యలో సున్నా ముట్టకుండా. ఆ ముప్పై రీడింగుల ప్రామాణిక విచలనాన్ని 55తో గుణిస్తే, .308 తరహా కేసులో ఈ త్రాసు తన వాటాగా వేగంలో ఎన్ని అడుగుల చెదురు కలుపుతోందో తెలుస్తుంది. ముప్పై రీడింగులూ ఒకే అంకె చూపిస్తే అది త్రాసు గొప్పతనం కాదు, దాని తెర అంతకన్నా సన్నగా చూపలేకపోతోందని. అప్పుడు తెర చూపే కనిష్ఠ అంకెను 3.5తో భాగించి 55తో గుణించాలి. 0.1 త్రాసుకి అది 1.6 అడుగులు. సున్నా జారుడు తోడైతే మొదటి పది రీడింగుల సగటు, చివరి పది రీడింగుల సగటు వేరుగా వస్తాయి. వేడెక్కడానికి ఇంకా ఎంతసేపు ఆగాలో ఆ తేడాని బట్టే నిర్ణయించుకోవాలి.